జాలీబాయ్‌కి ఒక్క రోజు: పర్మిట్టు మొదలు పగడాల దాకా

అండమాన్ ప్యాకేజీల్లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి చేసే దీవి యాత్రలు సాధారణంగా మూడు: రాస్–నార్త్ బే, హావ్‌లాక్, జాలీబాయ్. (పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరు నుంచి అధికారిక పేరు శ్రీవిజయపురం. ఆటోవాళ్ళు, హోటలువాళ్ళు ఇప్పటికీ పాత పేరే వాడతారు.) మొదటి రెండూ దాదాపు ప్రతి ప్యాకేజీ కాగితంలోనూ ఉంటాయి. మూడోదాని పక్కన చాలాసార్లు "ఆప్షనల్" అని రాసి ఉంటుంది. నీళ్ళలో పగడాలు చూడాలన్నదే మీ కోరికైతే ఈ వరస తిరగెయ్యండి. జాలీబాయ్ ఖాయం చేసుకున్నాకే మిగతా రోజులు పంచుకోండి.

దాన్ని ఏజెంట్లు వెనక్కి నెట్టడానికి కారణాలు కనిపిస్తూనే ఉంటాయి. అటవీ శాఖ అనుమతి కావాలి, సోమవారం సెలవు, పొద్దున్నే బయల్దేరాలి. పైగా అక్కడ జెట్ స్కీలు, బనానా బోట్లు లాంటి అమ్ముకునే ఆటలేవీ లేవు.

జాలీబాయ్ ఉన్నది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో. 1983లో ఏర్పాటైన ఈ పార్కు వైశాల్యం సుమారు 281 చదరపు కిలోమీటర్లు. అందులో పదిహేను దీవులున్నా యాత్రికులను పంపేది రెండింటికే, అవీ వంతులవారీగా. నవంబరు నుంచి మే నెల సగం దాకా జాలీబాయ్, వానాకాలంలో రెడ్‌స్కిన్. పగడాలకు కొన్ని నెలల విరామం ఇవ్వడమే ఇందులో ఉద్దేశం. జూన్, జులైల్లో వెళ్ళే కుటుంబానికి ఎవరైనా జాలీబాయ్ అని అమ్మితే, చేరేది రెడ్‌స్కిన్‌కే. అదీ చెడ్డదేం కాదు గానీ వానాకాలంలో నీళ్ళు మబ్బుగా ఉంటాయి, అడుగు అంత స్పష్టంగా కనబడదు. సముద్రం నిలకడగా ఉండి, నీళ్ళు తేటగా ఉండే రోజులు ఎక్కువగా దొరికేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. డిసెంబరు, జనవరి కూడా బాగానే ఉంటాయి, కాకపోతే జనం ఎక్కువ.

ఖర్చు దగ్గర ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. పార్కు ప్రవేశ అనుమతి వేరు, బోటు టికెట్ వేరు, పోర్ట్‌బ్లెయిర్ నుంచి బోట్లు బయల్దేరే వండూర్ దాకా కారు వేరు. ప్యాకేజీవాళ్ళు చెప్పే ధరలో ఈ మూడూ కలిశాయో లేదో విడివిడిగా అడగండి. "అన్నీ కలిపే సార్" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి, కాగితం మీద రాయించుకోండి. స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ అడుగు చూడటం), అడుగున అద్దం ఉన్న బోటులో ఎక్కువసేపు షికారు ఆ "అన్నీ"లో సాధారణంగా ఉండవు. అనుమతికి ఒరిజినల్ గుర్తింపు కార్డు కావాలి, రెండు మూడు జిరాక్సులు కూడా దగ్గర పెట్టుకోవడం మంచిది. పండగ సెలవుల్లో బోట్లు ముందే నిండిపోతాయి కాబట్టి ముందు రోజు సాయంత్రం చూసుకుందాంలే అనుకుంటే దొరక్కపోవచ్చు.

వండూర్ జెట్టీ ఊరి నుంచి పాతిక ముప్ఫై కిలోమీటర్లు, దారి గంట దాకా పడుతుంది. బోట్లు పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో కదులుతాయి. దానికి ముందు అనుమతి కాగితాలు, సంచుల తనిఖీ, లైఫ్ జాకెట్లు ఉంటాయి. అందుకని ఆరున్నరకల్లా హోటల్ వదిలితే హడావుడి ఉండదు. అండమాన్‌లో గడియారం మన టైమే చూపిస్తుంది గానీ సూర్యుడు మనకంటే బాగా ముందు వస్తాడు. డిసెంబరులో ఐదున్నర దాటేసరికే తెల్లవారిపోతుంది, సాయంత్రం ఐదు దాటితే చీకటి. పొద్దున లేవడం కష్టం కాదు, సాయంత్రం ఇంకేదో చూద్దామనుకోవడమే పొరపాటు.

జెట్టీ దగ్గర ఎక్కువమంది చిక్కుకునేది ప్లాస్టిక్ తనిఖీలో. నీళ్ళ సీసా, బిస్కెట్ ప్యాకెట్, చిప్స్, క్యారీ బ్యాగు, ఏదీ దీవికి వెళ్ళదు. సంచి విప్పించి చూస్తారు. డబ్బులు కట్టించుకుని మళ్ళీ వాడే సీసాలు అక్కడే ఇస్తారు, తిరిగొచ్చి ఇచ్చేస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. ఇంతకంటే సులువు, ఇంటి దగ్గర నుంచే మనిషికో స్టీలు సీసా, రెండు స్టీలు టిఫిన్ డబ్బాలు పట్టుకెళ్ళడం. దీవిలో కొట్టు లేదు, టీ లేదు, తాగే నీళ్ళు లేవు. మనిషికి కనీసం లీటరు నీళ్ళు ఉండాలి, ఉప్పు నీళ్ళలో ఈదినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువే కావాలి. పులిహోర, చపాతీ, అరటిపళ్ళు చక్కగా సరిపోతాయి. అరటి తొక్క కూడా వెనక్కి తెచ్చెయ్యాలి. పసిపిల్లల డైపర్లు, మందుల్లాంటివి తప్పనిసరైతే తనిఖీ సిబ్బందికి ముందే చూపించండి, వాదన ఉండదు. ఇంకో చిన్న మాట: టాయిలెట్ పని జెట్టీ దగ్గరే ముగించుకోండి.

బోటు ప్రయాణం గంట దాకా ఉంటుంది. ఎక్కువ దూరం మడ అడవులున్న దీవుల మధ్య పాయల్లోంచి సాగుతుంది కాబట్టి ఊపు తక్కువ. హావ్‌లాక్ ఫెర్రీలో వాంతులు చేసుకున్నవాళ్ళు కూడా ఇందులో నిమ్మళంగా కూర్చోగలరు. అయినా అనుమానం ఉంటే వాంతులు రాకుండా వేసుకునే మాత్ర, బోటు ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర అంతగా పనిచెయ్యదు. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, రెండు ఇడ్లీలు తిని ఎక్కితే చాలు.

దీవి దగ్గర పెద్ద బోటు ఒడ్డుకి రాదు. పగడాలు నలగకుండా కాస్త దూరంలోనే ఆపి, అద్దం అడుగున్న చిన్న బోట్లలోకి మారుస్తారు. ఈ మార్పులోనే జారిపడే ప్రమాదం ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, ఫోను జేబులోనో సంచిలోనో వేసుకుని, బోటువాడు చెయ్యి అందించినప్పుడే అడుగు వెయ్యండి. టికెట్‌లో వచ్చే అద్దం బోటు షికారు చిన్నది. పొడవాటిదానికి అక్కడే వేరే డబ్బు అడుగుతారు. ఈతకు భయపడేవాళ్ళు ఉన్న కుటుంబానికి ఆ రెండోది తీసుకోవడమే లాభం. స్నార్కెలింగ్ చేసేవాళ్ళకి అక్కర్లేదు.

ఇక అద్దంలోంచి ఏం కనిపిస్తుందన్న దానిమీద ఎక్కువమందికి తప్పు ఊహ ఉంటుంది. బ్రోషర్లలో ఎరుపు, ఊదా రంగులు మెరుస్తుంటాయి. అవి లైటు పట్టి తీసిన ఫోటోలు. నీళ్ళు ఎరుపు రంగును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తాయి, అందుకే అడుగున అన్నీ నీలం, ఆకుపచ్చ ఛాయలోనే కనబడతాయి. పైగా బతికున్న పగడం చాలావరకు గోధుమ రంగులోనో, లేత ఆకుపచ్చలోనో ఉంటుంది. దానిలో కాపురముండే సూక్ష్మమైన నాచు రంగు అది. నీళ్ళు మామూలుకంటే వేడెక్కినప్పుడు పగడం ఆ నాచును వదిలేసి తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు ఇలాగే పెద్ద ఎత్తున తెల్లబోయాయి, 2016లోనూ దెబ్బతిన్నాయి. కాబట్టి తెల్లగా మెరిసేదాన్ని చూసి "ఎంత బాగుందో" అనుకోకండి, అది జబ్బుపడిందో చచ్చిందో అయ్యుంటుంది. మెదడులా ముడతలున్న గుండ్రటి పగడం, దుప్పి కొమ్ముల్లా కొమ్మలు వేసేది, రెండు పెదాలు తెరిచి పట్టుకున్నట్టుండే పెద్ద ఆల్చిప్ప, ఇసుకలో కదలకుండా పడుండే సముద్ర దోసకాయ, వీటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే షికారు విలువ రెట్టింపవుతుంది. చిలక చేప పగడాన్ని కొరికే చప్పుడు స్నార్కెలింగ్‌లో చెవికి వినిపిస్తుంది కూడా.

వెలుతురు నిటారుగా పడాలి. మబ్బు పట్టిన రోజు అద్దం బోటు సగం దండగ. ఆటుపోట్ల లెక్క కూడా ఉంది. పోటు మీద నీళ్ళ లోతు పెరిగి అడుగు దూరమవుతుంది. బాగా ఆటు మీద పగడం దగ్గరికొస్తుంది గానీ బోటు దాని మీదుగా వెళ్ళలేక అంచుల్లోనే తిరుగుతుంది. పౌర్ణమికి, అమావాస్యకు ఈ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. తేదీ మార్చుకునే వీలుంటే అష్టమి చుట్టూ ఉన్న రోజులు ఎంచుకోండి, తేడా తక్కువగా ఉంటుంది.

స్నార్కెలింగ్‌కి ఈత రానక్కర్లేదు. లైఫ్ జాకెట్ వేసి, తేలే ట్యూబు పట్టుకోమని, గైడు లాక్కెళ్తాడు. చెడేది ఎప్పుడూ మాస్కు దగ్గరే. పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. అలాగే అంటుకుని నిలబడితే అది మీ కొలత, జారిపోతే ఇంకోటి అడగండి. పట్టీ బిగించినంత మాత్రాన నీళ్ళు ఆగవు, బిగించేకొద్దీ రబ్బరు మడతపడి ఇంకా కారతాయి. లోపల జుట్టు ఇరుక్కోకూడదు. మీసం దట్టంగా ఉన్నవాళ్ళు పెదవి పైన కాస్త వాజ్‌లిన్ రాసుకుంటే చాలావరకు ఆగుతుంది. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది ఒకసారి సముద్రం నీళ్ళతో కడగడం పాత పద్ధతే, పనిచేస్తుంది. కళ్ళజోడు మీద మాస్కు కుదరదు. పవర్ ఎక్కువున్నవాళ్ళు పవర్ మాస్కు ఊళ్ళోనే అడిగి పెట్టుకోవాలి. పగడం మీద కాలు మోపకండి. అది విరుగుతుంది, మీ కాలూ తెగుతుంది, ఆ గాయం మానడానికి రోజులు పడుతుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు మేలు. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే వీపు కాలదు, నీళ్ళలో రసాయనమూ కలవదు.

గవ్వలు, పగడం ముక్కలు ఏరకండి. ఒడ్డున చచ్చి పడున్నవైనా అంతే. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టుబడితే విమానం తప్పిపోవడం ఒక్కటే కాదు, కేసు కూడా అవుతుంది.

"గైడెడ్ టూర్" అన్న మాటను నమ్మి ఎక్కువ కట్టకండి. ప్యాకేజీలో గైడంటే చాలాసార్లు కారు డ్రైవరే, అతను వండూర్‌లోనే ఆగిపోతాడు. దీవిలో మీకు ఏదైనా చూపించేది బోటు సిబ్బంది, స్నార్కెలింగ్ కుర్రాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అండమాన్‌లో చాలా ఉన్నాయి కాబట్టి తెలుగు మాట్లాడే మనిషి తగలడం వింతేమీ కాదు. ఒకసారి తెలుగులో పలకరించి చూడండి. నాలుగు చేపల పేర్లు అదనంగా తెలుస్తాయి.

తిరిగి వండూర్ చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర, రెండవుతుంది. పక్కనే బీచ్ ఉంది కదా అని దిగకండి. అక్కడ ఉప్పునీటి మొసళ్ళ హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. వల కట్టిన చోట తప్ప నీళ్ళలోకి వెళ్ళకూడదు. ఫోను సిగ్నల్ ఊరు దాటాక నమ్మలేం, యూపీఐ మీద ఆధారపడకుండా నోట్లు ఉంచుకోండి.

పోలికకి మిగతా రెండూ. రాస్ (2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) పగడాల కోసం కాదు, చరిత్ర కోసం. బ్రిటిష్‌వాళ్ళ పాలనా కేంద్రంగా ఉండి, 1941 భూకంపం, 1942 జపాన్ ఆక్రమణ తర్వాత పాడుబడింది. చర్చి, బేకరీ గోడలను మర్రి జాతి చెట్ల వేళ్ళు బిగించి పట్టుకున్న దృశ్యం కోసమైనా వెళ్ళాలి. బుధవారం మూసి ఉంటుంది. అదే టికెట్‌లో వచ్చే నార్త్ బే దగ్గరే జేబు ఖాళీ అయ్యేది. బోటు కదలగానే స్కూబా (గాలి సిలిండరుతో నీళ్ళ అడుక్కి దిగడం), సీ వాక్, సెమీ సబ్‌మెరైన్ అమ్మకం మొదలవుతుంది. వెనక్కి వచ్చే బోటు వేళ ముందే ఖాయమై ఉంటుంది, క్యూ పొడవుగా ఉంటే కట్టిన ఆటకి టైము చాలదు. కాబట్టి దిగి, వరస చూశాకే డబ్బు కట్టండి. వీడియోకి వేరే తీసుకుంటారేమో కూడా అడగండి. స్కూబా చేస్తే ఆ తర్వాత కనీసం పన్నెండు గంటలు విమానం ఎక్కకూడదు, ఒకటికంటే ఎక్కువ డైవ్‌లైతే పద్దెనిమిది. దాన్ని ఆఖరి రోజుకి ఎప్పుడూ పెట్టుకోకండి.

హావ్‌లాక్‌ని ఒక్కరోజులో చుట్టెయ్యడం కుదురుతుంది గానీ దండగ. ప్రైవేటు ఫెర్రీకి పోను గంటన్నర, రాను గంటన్నర, దానికి ముందు చెకిన్ గంట. మిగిలే ఐదారు గంటల్లో ఎలిఫెంట్ బీచ్, జెట్టీకి పన్నెండు కిలోమీటర్ల రాధానగర్, రెండూ కుదరవు. రాధానగర్ పేరుమోసిందే సూర్యాస్తమయానికి, అది చూడకుండానే ఫెర్రీ ఎక్కాలి. అక్కడ ఒక రాత్రి ఉండగలిగితేనే వెళ్ళండి. గాలి లేస్తే ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి తిరుగు విమానానికి ముందు రోజు మాత్రం వద్దు.

బస సంగతికొస్తే, రాస్ బోట్లకి పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్దీన్ బజార్ చుట్టుపక్కల గది తీసుకుంటే జెట్టీకి నడిచి వెళ్ళొచ్చు, భోజనానికీ ఇబ్బంది ఉండదు. జాలీబాయ్ ఒక్కదాని కోసం వండూర్‌లో రిసార్టు తీసుకోవడం మోకాళ్ళ నొప్పులు, చంటిపిల్లలు ఉన్నవాళ్ళకి తప్ప అనవసరం; గంట నిద్ర కలిసొస్తుంది గానీ సాయంత్రం చేసేదేమీ ఉండదు. మోకాళ్ళు మరీ ఇబ్బంది పెట్టే పెద్దవాళ్ళని బోటు నుంచి బోటుకి మారమనడం కూడా భావ్యం కాదు. వాళ్ళకి రాస్‌లో బ్యాటరీ బండి ఉంది, గుంపు జాలీబాయ్ వెళ్ళిన రోజు వాళ్ళని అక్కడికి పంపితే సరిపోతుంది.