బడి వదిలాక పిల్లలు ఎక్కడ? ట్యూషనా, పక్కింటి మామ్మా, వీధి గుంపా?

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మా రాయగడలో, అమ్మానాన్నలిద్దరూ పనికెళ్లే ఇళ్లలో తరచూ వినపడే మాట, "నాలుగింటికి ట్యూషన్‌కి పంపేస్తాం, ఇంక టెన్షన్ లేదు" అని. మనకి లేదు సరే, పిల్లాడికి?

పసిపిల్లల్ని పగలు చూసుకునే సర్కారు క్రెష్‌లు, అదే పాల్నా పథకం, ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకే. ఆ పైవాళ్లకి బడి గంట కొట్టాక దిక్కు లేదు. ఏప్రిల్ ఎండలకి ఒడిశాలో బడులు ఉదయంపూటకి మారితే మరీ కష్టం, మిట్టమధ్యాహ్నానికి ముందే పిల్లలు ఇంటికొచ్చేస్తారు, అమ్మానాన్నలు వచ్చేది చీకటి పడ్డాక.

ట్యూషన్‌ని ఊరికే తిట్టను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ లిపి చదవడం రాని తల్లి హోంవర్క్ ఎలా చూస్తుంది? కానీ రోజంతా బెంచీ మీద కూర్చున్నవాడిని మళ్లీ చాప మీద కూర్చోబెట్టి అవే ఎక్కాలు అప్పజెప్పించుకుంటే అది రెండో బడే, కాకపోతే మధ్యాహ్నం భోజనం ఉండదు. నాకు అసలు నచ్చనిది వేరే ఉంది. వినపడని పిల్లనో, కుదురుగా కూర్చోలేని పిల్లాడినో "మా వల్ల కాదండీ" అని పంపేస్తారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోది, అందరితోపాటు చదువే కాదు ఆటలూ ఉండాలంటుంది, కానీ ఆ మాట ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకి. వీధిలో ట్యూషన్ గదిని అడిగేవాడెవడు?

పక్కింటి మామ్మ దగ్గరైతే వేడి అన్నం, కాసేపు నిద్ర, కాస్త తెలుగు. ఏడెనిమిదేళ్ల లోపు వాళ్లకి ఇంతకన్నా మేలైనది నాకు కనపడలేదు. పదేళ్లవాడు మాత్రం ఆవిడ మాట వినడు, ఫోన్ పట్టుకుంటాడు. ఆవిడ పార్వతీపురం పెళ్లికెళ్తే ఆ రోజు మీకూ సెలవే. అన్నట్టు ఆ ఇంటికి ఇంకెవరెవరు వచ్చిపోతారో కూడా చూసుకోండి, మొహమాటపడకండి.

మూడోది వీధి గుంపు, నా ఓటు దీనికే: అయిదారు ఇళ్లవాళ్లు కలిసి గుడి మండపమో బడి వరండానో అడిగి తీసుకుని, ఒకావిడకి నెలజీతం ఇచ్చి, మిగతా పెద్దలు వంతులు వేసుకోవడం. రాగానే ముఢీ, అదే మరమరాలు, తర్వాత గంట ఆట, ఆఖర్న అరగంట హోంవర్క్, అదీ ఒడియా ఇంటి పిల్ల తెలుగు ఇంటి పిల్లాడికి చదివి చెప్తే మాస్టారి అవసరం సగం తగ్గుతుంది. ఇక్కడి కొంధు గిరిజనుల భాష కువి మాట్లాడే పిల్లలుంటే ఆటలో మూడు భాషలూ కలిసిపోతాయి. స్వీడన్‌లో ఇలాంటి చోట్లు బడి చట్టంలోనే ఉన్నాయి, 2016లో జాతీయ పాఠ్యప్రణాళికలో వాటికి విడిగా ఒక భాగమే చేర్చారు, అందులో ఆటకి పెద్దపీట. మనకి అంత లేదు, మనమే పెట్టుకోవాలి.

గొడవలుంటాయి. ఎవరి పిల్ల ఎవరి గ్లాసుతో తాగింది అనే మాట మొదటి వారంలోనే వస్తుంది, అందరికీ ఒకే గిన్నెలు, ఇష్టం లేనివాళ్లు రావక్కర్లేదు అని ముందే చెప్పేయాలి. కూలికెళ్లే వాళ్ల దగ్గర సగం డబ్బే తీసుకోండి. నడవలేని పిల్లాడుంటే మెట్లు లేని చోటు, దగ్గర్లో మరుగుదొడ్డి, సాయానికి ఇంకో మనిషి కావాలి, ఇంకేం కావాలో వాళ్లమ్మనే అడగండి.

అయిదు ఇళ్లు కలవకపోతే చిన్నవాళ్లకి మామ్మ, ఆరో తరగతి దాటినవాళ్లకి వారంలో రెండు రోజులు ట్యూషన్, మిగతా సాయంత్రాలు మైదానం. గుంపు కుదిరితే మాత్రం మండపం తాళం ఎవరి దగ్గర ఉండాలో మొదటి రోజే తేల్చుకోండి.