రోప్ బాండేజ్: జపాన్ పద్ధతి మేలా, పాశ్చాత్య పద్ధతి మేలా?

ఇద్దరు పెద్దవాళ్లు ముందుగా మాట్లాడుకుని, ఇష్టపడి, ఒకరు తాడుతో కడుతుంటే మరొకరు కట్టించుకునే రోప్ బాండేజ్ అనే ఈ శృంగార వ్యవహారంలో ఏ పద్ధతి మేలని అడిగితే, చాలామంది ఫొటోలు చూసి జవాబు చెబుతారు. ఫొటోలలో జపాన్ పద్ధతిదే పైచేయి అవుతుంది. అయితే కట్టు అందం చూసేవారికి దక్కేది. కట్టించుకునే మనిషికి, అందులోనూ కళ్లు మూసుకున్న మనిషికి, తెలిసేది తాడు బిగువు, అది ఒంటిమీద సాగే వేగం, అవతలి చేతుల తొందర లేదా నిదానం మాత్రమే. కొన్నేళ్లుగా రెండు పద్ధతులలోనూ కట్టాను, కట్టించుకున్నాను కనుక ఈ పోలికను ఆ లోపలి వైపు నుంచే రాస్తున్నాను.

పాశ్చాత్య పద్ధతిలో కావలసింది కదలలేని స్థితి. చేతులకొక తాడు, కాళ్లకొక తాడు, అవసరమైతే మంచానికో కుర్చీకో ఇంకొకటి. పని త్వరగా ముగుస్తుంది, అసలు ఆట ఆ తరువాత మొదలవుతుంది. షిబారి అనీ కిన్‌బాకు అనీ పిలిచే జపాన్ పద్ధతిలో మాత్రం కట్టడమే ఆట. షిబారి అంటే కట్టడం, కిన్‌బాకు అంటే బిగించి కట్టడం. తాడు లాగడంలో, ఆపడంలో, ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దంలో ఇద్దరి మధ్య ఒక సంభాషణ నడుస్తుంది. కట్టు పూర్తయ్యేసరికి ఆ సంభాషణ సగానికి పైగా అయిపోయి ఉంటుంది. మీకు నచ్చేది బందీగా ఉండటమా, బందీ అవుతూ ఉండటమా అన్నది తేల్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఈ తేడా చాలావరకు తాడులోనే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. జపాన్ పద్ధతిలో సాధారణంగా వాడేది సుమారు 6 మిల్లీమీటర్ల మందం, 7 నుంచి 8 మీటర్ల పొడవు ఉండే జనపనార తాడు. దాన్ని సగానికి మడిచి, మడత కొన దగ్గర మొదలుపెట్టి, రెండు పేటలుగా కడతారు. జనపనార దాదాపుగా సాగదు, తనను తాను పట్టుకునే గరుకుదనం దానికి ఉంటుంది. అందువల్ల ముడులు తక్కువగా వేసి, ఒక వరుస మీదుగా మరో వరుసను తిప్పి, ఆ ఒరిపిడితోనే కట్టును నిలబెట్టవచ్చు. నైలాన్ తాడు ఇందుకు భిన్నంగా నున్నగా జారుతుంది, సాగుతుంది, కనుక దానికి ముడులే ఆధారం. నూలు తాడు మెత్తగా, ఒంటికి హాయిగా ఉంటుంది, బట్టలతో పాటు ఉతుక్కోవచ్చు. కానీ బరువు పడితే దాని ముడి బిగుసుకుపోయి వేళ్లకు లొంగదు. నైలాన్‌తో షిబారి కట్టబోయి విసిగిపోయినవారు లోపం తమదని అనుకుంటారు. చాలాసార్లు ఆ లోపం తాడుది. జనపనారకు మాత్రం సేవ చేయాలి: కొత్త తాడు నూగును మంటమీద ఆడించి కాల్చాలి, కాస్త నూనె పట్టించాలి, తడి తగలకుండా దాచాలి. ఓపిక లేనివారు నూలు తాడుతో ఉండటమే మంచిది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

చరిత్ర గురించి ఒక్క మాట. షిబారిని సమురాయ్‌ల కాలపు పవిత్ర కళగా చెప్పి అమ్మడం నాకు నచ్చదు. జపాన్ చరిత్రలో ఎదో (Edo) యుగం అనే కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, ఖైదీలను తాడుతో బంధించే హోజోజుత్సు అనే విద్య ఉన్న మాట నిజమే. కానీ అది ఖైదీ సమ్మతి అడిగి చేసినది కాదు. ఈనాటి కిన్‌బాకు 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నది. చిత్రకారుడు ఇటో సెయూ (1882–1961)ను దానికి మూలపురుషుడిగా చెబుతారు. పాశ్చాత్య శైలికి రూపమిచ్చిన జాన్ విల్లీ పత్రిక 1946లో మొదలైతే, జపాన్‌లో కిన్‌బాకు అభిమానులను ఒకచోట చేర్చిన కితాన్ క్లబ్ పత్రిక 1947లో మొదలైంది. వయసులో రెండూ దాదాపు సమానమే కనుక, ప్రాచీనత చూసి ఎంచుకోవలసిన పని లేదు.

క్షేమం విషయంలో నా మొగ్గు పాశ్చాత్య పద్ధతి వైపే, ఈ మాట జపాన్ పద్ధతిని ప్రేమించే మనిషిగానే చెబుతున్నాను. చేతులను వెనక్కి మడిచి, భుజాల కింద ఛాతీ చుట్టూ తాడు తిప్పే తకతే కోతే అనే కట్టు జపాన్ పద్ధతికి గుండెకాయ వంటిది. సరిగ్గా ఆ తాళ్లు వెళ్లే దారిలోనే, పై చేతి బయటి వైపున, రేడియల్ నరం ఎముకను ఆనుకుని ఉంటుంది. అది నలిగితే మణికట్టు వాలిపోతుంది; కోలుకోవడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పట్టవచ్చు. పైగా ఆ నరం దారి అందరిలోనూ ఒకే చోట ఉండదు, కనుక ఒకరికి హాయిగా ఉన్న కట్టు మరొకరికి హాని చేస్తుంది. ఒకసారి నా బొటనవేలి వెనుక భాగంలో సన్నగా జివ్వుమన్నప్పుడు, కట్టు చెడిపోతుందేమోనన్న మొహమాటంతో నేను కాసేపు నోరు విప్పలేదు. తాడు విప్పాక స్పర్శ తిరిగి వచ్చింది గానీ, ఆ మౌనం తప్పని ఇప్పటికీ గట్టిగా అనుకుంటాను. జివ్వుమన్నా, మొద్దుబారినా, పట్టు తగ్గినా వెంటనే చెప్పాలి, వెంటనే విప్పాలి. పాశ్చాత్య పద్ధతిలోని మణికట్టు, చీలమండ కట్లలోనూ నరాలు నలగవచ్చు, కానీ అక్కడ తప్పు త్వరగా కనిపిస్తుంది, త్వరగా విప్పగలం. మెడ చుట్టూ తాడు వేయకపోవడం, కట్టి ఉన్న మనిషిని ఒంటరిగా వదలకపోవడం, మొండి మొన కత్తెర చేతికందేలా ఉంచుకోవడం రెండింటికీ తప్పనిసరి. పైకి వేలాడదీసే కట్లను నేను ఈ పోలికలో లెక్కించడం లేదు; అవి గురువు పక్కన నిలబడి నేర్చుకోవలసినవి, రాతలు చదివి కాదు.

మాట్లాడుకునే అలవాటు కూడా పాశ్చాత్య పద్ధతిలోనే నాకు స్పష్టంగా కనిపించింది. ఏది సరే, ఏది వద్దు, ఏ మాట అంటే అన్నీ ఆగిపోతాయి అన్నవి ముందే తేల్చుకోవడం, సేఫ్‌వర్డ్ పెట్టుకోవడం అక్కడ పాఠంలో మొదటి భాగం. సురక్షితంగా, వివేకంతో, సమ్మతితో అనే మూడు మాటల సూత్రం 1983లో న్యూయార్క్‌లో పుట్టింది. జపాన్ పద్ధతిలో ఎదుటివారి ఊపిరిని, కండరాల బిగువును చదవడానికి పెద్ద పీట వేస్తారు. అది గొప్ప నేర్పే, కానీ కొత్త జంట ఆ నేర్పు మీదే ఆధారపడితే ఊహలు మాటల స్థానాన్ని ఆక్రమిస్తాయి.

అందుకే కొత్తవారికి నా సలహా నూలు తాడు, ఒక్క మణికట్టు కట్టు, దాన్ని చీకట్లోనైనా విప్పగలిగేంత సాధన. నా సొంత ఇష్టం మాత్రం జపాన్ పద్ధతే. అది కూడా నేలమీద, చేతులను వెనక్కి విరవకుండా, ఒకటి రెండు తాళ్లతో నెమ్మదిగా సాగేది. దానికి అసలు కారణం విప్పడంలో ఉంది. పాశ్చాత్య కట్టు ముడి ఊడితే ముగిసిపోతుంది. జనపనార తాడును కట్టినంత నిదానంగా, ఒక్కొక్క వరుసగా విప్పుతుంటే, బిగువు పోయిన చోట చర్మానికి వెచ్చదనం తిరిగి వస్తుంది. తరువాత మిగిలే తాడు ముద్రలను జపాన్‌లో నవా అతో అంటారు. సాధారణంగా కొన్ని గంటల్లో మాసిపోతాయి, కొందరికి మరుసటి రోజు వరకూ నిలుస్తాయి. మరునాడు ఉదయం పొట్టి చేతుల చొక్కాతో పనికి వెళ్లవలసినవారు ఆ రాత్రికి నూలు తాడే తీసుకోవాలి.