గాడ్‌ఫ్లెష్: ఆల్బమ్ మేలా, రేడియో సెషన్ మేలా?

బీబీసీ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమం కోసం బ్యాండ్లు స్టూడియోలో ప్రత్యేకంగా వాయించిన సెషన్లంటే పాత రాక్ అభిమానులకు గట్టి గురి. ఆల్బమ్‌లో చల్లబడిన పాట కూడా సెషన్‌లో రాజుకుంటుందని వాళ్ల మాట. చాలా బ్యాండ్ల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. నేపామ్ డెత్ 1987 సెషన్‌లో డజను పాటలు కొద్ది నిమిషాల్లో ముగిసిపోతాయి. ఆ ఉరుకంతా డ్రమ్మర్ చేతుల్లోంచి వచ్చిందే.

గాడ్‌ఫ్లెష్ బ్యాండ్‌కు మాత్రం డ్రమ్మరే లేడు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఈ జంటలో జస్టిన్ బ్రాడ్రిక్‌ది గిటార్, గొంతు, జి.సి. గ్రీన్‌ది బేస్ గిటార్, దరువు డ్రమ్ మెషీన్‌ది. మైకు ముందు అది కంగారుపడదు, ఊపు వచ్చి వేగం పెంచదు. అందువల్ల 1989లో వచ్చిన ‘స్ట్రీట్‌క్లీనర్’ ఆల్బమ్‌ను, అదే ఏడాది చేసిన పీల్ సెషన్‌ను పక్కపక్కన పెట్టి వినేటప్పుడు వెతకాల్సింది వేగం కాదు, యంత్రం చుట్టూ ఉన్న ఇద్దరు మనుషులను.

ఆల్బమ్‌కూ సెషన్‌కూ దొరికిన సమయంలోనే అసలు తేడా ఉంది. ఆల్బమ్ ఒకే విడతలో పూర్తయింది కాదు. కొన్ని పాటల్లో పాల్ నెవిల్ గిటార్ కూడా తోడైంది. పీల్ సెషన్ల పద్ధతి వేరు: సాధారణంగా లండన్‌లోని మైడా వేల్ స్టూడియోలో ఒక్క రోజు, నాలుగు పాటలు, రికార్డింగ్, మిక్సింగ్ అన్నీ అప్పుడే జరిగిపోయేవి. బ్రిటన్ రేడియోలో రికార్డులు ఎన్ని గంటలు వేయాలన్న దానిపై ఒకప్పుడు పరిమితి ఉండేది. ఆ లోటు పూడ్చడానికి బ్యాండ్లను పిలిచి కొత్తగా వాయింపజేసేవారు. 1988లో ఆ పరిమితి తొలగినా సెషన్లు మాత్రం ఆగలేదు, మన అదృష్టం.

ఒక్క రోజులో పొర మీద పొర వేసి శబ్దాన్ని గోడలా కట్టడం కష్టం. అందుకే సెషన్‌లో తీగ మీద చెయ్యి ఎక్కడ బరువుగా పడిందో, అరుపు ఎక్కడ చీలిందో పట్టుకోవడం తేలిక. ఆల్బమ్‌లో ఇవన్నీ ఆ గోడలో కలిసిపోతాయి.

అయినా కొత్తవాళ్లకు నేను ఇచ్చేది ఆల్బమే. ఈ సంగీతపు బరువు నాలుగు పాటల్లో తెలియదు, అది నెమ్మదిగా మీద కూర్చోవాలి. సీడీలో ‘టైనీ టియర్స్’ అనే చిన్న రికార్డు పాటలు నాలుగు అదనంగా ఉండటంతో నిడివి గంట దాటుతుంది. అది మరీ ఎక్కువే, మొదటి పది పాటలతో ఆపేయవచ్చు. వాటి వరస కంఠస్థమైన వాళ్లకైతే సందేహం లేకుండా సెషనే మేలు.

సెషన్ కాపీని మాత్రం చూసి ఎంచుకోండి. రేడియో నుంచి క్యాసెట్‌లోకి, అక్కడి నుంచి మరో క్యాసెట్‌లోకి ఎక్కించిన వాటిలో మెషీన్ దెబ్బల పదును మొద్దుబారుతుంది. ఫోను స్పీకరులో వింటే మాత్రం ఆల్బమైనా సెషనైనా ఒకటే దండగ, గ్రీన్ బేస్ అందులో వినిపించదు.