పొగను చూస్తూ తొమ్మిది హోల్స్: మా నరూమా ప్రయాణం

ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలో ఉన్న నరూమా ఊరి గోల్ఫ్ కోర్సులో మూడో హోల్ దగ్గర నిలబడితే కాళ్ల ముందు కొండ అంచు, కింద సముద్రం, అవతలి అంచు మీద గ్రీన్, అంటే బంతి వేయాల్సిన గుంత ఉన్న నున్నటి గడ్డి. కొట్టిన బంతి నీళ్ల మీదుగా ఎగిరి అవతల పడాలి. ఆస్ట్రేలియా నటుడు పాల్ హోగన్ ఒకప్పుడు ఇక్కడ సిగరెట్ ప్రకటనలో నటించాడట, అందుకే దీన్ని హోగన్స్ హోల్ అంటారు. ఈ ఒక్క హోల్ కోసమే మా ఆయన రెండేళ్లుగా ఈ ప్రయాణం గురించి చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. తీరా మేం చేరేసరికి దక్షిణాన కొండల వెనక నుంచి గోధుమరంగు పొగ గోపురంలా లేచి సముద్రం మీదికి వాలుతోంది. మాకు ముందు ఆడుతున్న నలుగురూ డెబ్బై దాటినవాళ్లే. ఒకసారి పొగ వైపు చూశారు, ఒకసారి వాచీ చూసుకున్నారు, బంతి టీ మీద పెట్టారు.

నాకు గుండె దడదడలాడింది. వాళ్లకేమీ పట్టనట్టే అనిపించింది ఆ క్షణాన. కానీ నేను పొరబడ్డాను. అదే చెబుదామని ఇది రాస్తున్నాను.

మేం సిడ్నీ పడమటి శివార్లలో ఉంటాం. క్రిస్మస్ సెలవులు (ఇక్కడ అది నడివేసవి) మొదలవగానే మేమిద్దరం, మా ఆయన ఆఫీసులో పనిచేసే ప్రసాద్ అన్నయ్య, వదిన, వాళ్ల తొమ్మిదేళ్ల బాబు, రెండు కార్లలో బయల్దేరాం. సిడ్నీ నుంచి నరూమా దాదాపు 350 కిలోమీటర్లు. మధ్యలో టీకి ఆగుతూ వెళ్తే ఐదు గంటలు పైనే. దారి పొడుగునా ప్రిన్సెస్ హైవే ఒక్కటే. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు యూకలిప్టస్ అడవి. చూడ్డానికి అంతకంటే అందమైన దారి లేదు. అయితే ఆ దారి మూసేస్తే మరో దారి దొరకడం కష్టమన్న సంగతి మనసులో పెట్టుకోవాలి. 2019 చివర్లో, 2020 జనవరిలో పెద్ద కార్చిచ్చులు వచ్చినప్పుడు సరిగ్గా అదే జరిగింది. సెలవులకు వచ్చినవాళ్లు వేలల్లో ఈ తీరం ఊళ్లలో చిక్కుకుపోయారు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, కార్డులు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. అందుకే ఈసారి ట్యాంకు నింపుకుని, కొంత నగదు, బ్యాటరీ రేడియో పెట్టుకుని బయల్దేరాం. రేడియో ఎందుకని వదిన అడిగింది. ఆ రోజుల్లో చాలామందికి సమాచారం అందింది ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ రేడియోలోనే.

మొదటి రాత్రి బేట్‌మన్స్ బే దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఒక ఇల్లు ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. ఫోటోల్లో అద్భుతం. లోపల కూడా బాగానే ఉంది. మంచాలు, వంటిల్లు, ఏసీ, దేనికీ వంక పెట్టలేం. కానీ బయటికెళ్లి చూరు వైపు చూశాను. వాన నీటి గొట్టం నిండా ఎండిన ఆకులు, చుట్టలు చుట్టుకుపోయిన బెరడు. చేత్తో పట్టుకుంటే అప్పడంలా పటపటా విరిగింది. యూకలిప్టస్ ఆకులో నూనె ఉంటుంది. మంట అంటుకున్నాక ఆ బెరడు ముక్కలే నిప్పురవ్వలై గాలికి కిలోమీటర్ల దూరం ఎగిరి ముందు పడతాయి. ఇళ్లు చాలావరకు కాలేది మంట వచ్చి తగిలి కాదు, ఇలా రవ్వలు చూరులో పడి. పెరట్లో నీళ్లు చల్లే గొట్టం ఉంది, కొళాయి మాత్రం తిరగదు. ఇంటికి మట్టిరోడ్డు ఒక్కటే. మంట వస్తే ఏం చేయాలో చెప్పే కాగితం ఒక్కటి కూడా లేదు. యజమానికి మెసేజ్ పెడితే జవాబు మర్నాడు మేం ఖాళీ చేశాక వచ్చింది. వేసవిలో ఆ ఇంటికి ఎవరినీ వెళ్లమని చెప్పను. చలికాలంలో అయితే సంతోషంగా వెళ్లొచ్చు.

మర్నాడు పొద్దున మోగో జంతు ప్రదర్శనశాలకు వెళ్లాం. 2019 డిసెంబర్ 31న మంటలు మోగో ఊరి మీద పడ్డప్పుడు అక్కడి సిబ్బంది వెళ్లిపోకుండా ఉండి, దాదాపు 200 జంతువుల్నీ కాపాడుకున్నారు. చిన్నవాటిని డైరెక్టర్ తన ఇంట్లోకే తీసుకెళ్లి పెట్టుకున్నాడు. ఒక్కటి కూడా పోలేదు. ఊళ్లో మాత్రం దుకాణాలు, ఇళ్లు కాలిపోయాయి. బాబు రెడ్ పాండాను చూస్తూ, "ఇది కూడా ఆ ఇంట్లో పడుకుందా?" అని అడిగాడు. టికెట్టు ధర కొంచెం ఎక్కువే, అయినా ఆ డబ్బు ఇవ్వాలనిపించే చోటు. ఎండలో తిరగాలి కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

నరూమాలో రెండు రాత్రులకు నీళ్ల ఒడ్డున క్యారవాన్ పార్కులో క్యాబిన్ తీసుకున్నాం. గదులు చిన్నవి, గోడలు పల్చన, పక్క క్యాబిన్‌లో పాప ఏడిస్తే మనకు వినిపిస్తుంది. అయినా ఈ ప్రయాణంలో పూర్తి మార్కులు దానికే. కారు దిగీ దిగకముందే ఆఫీసులో ఆవిడ ఊరి మ్యాప్ బల్ల మీద పరిచి, మేమున్న చోటు, నీళ్ల ఒడ్డుకు దారి, పరిస్థితి విషమిస్తే జనం చేరాల్సిన చోటు, మూడూ పెన్నుతో గుర్తు పెట్టి ఇచ్చింది. ఫోన్లో మంటల హెచ్చరికలు చూపే హజార్డ్స్ నియర్ మి యాప్ ఉందా అని అడిగి, లేదంటే తనే పెట్టించింది. మూడు స్థాయిల హెచ్చరికలు విడమరిచి చెప్పింది. పసుపు రంగు అడ్వైస్, అంటే కనిపెట్టుకుని ఉండండి. నారింజ వాచ్ అండ్ యాక్ట్, అంటే కదలండి. ఎరుపు ఎమర్జెన్సీ వార్నింగ్. "ఎరుపు దాకా ఆగొద్దు" అంది.

ఆ రోజు నైరుతి అడవుల్లో, ఊరికి పాతిక కిలోమీటర్లకు పైగా దూరాన, మంట ఒకటి మొదలైంది. యాప్‌లో పసుపు. మర్నాటికి టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించారు, అంటే ఆరుబయట నిప్పు రాజేయకూడదు. బొగ్గుల మీద కాలుద్దామని ఇంటి దగ్గరే మసాలా పట్టించి తెచ్చిన చికెన్‌ను క్యాబిన్‌లో కరెంటు పొయ్యి మీద వేపుడు చేసుకున్నాం.

మర్నాడు క్లబ్‌కు ఫోన్ చేస్తే కోర్సు తెరిచే ఉందన్నారు. వెళ్లాలా వద్దా అని మాలో మాకు చాలాసేపు నడిచింది. బాబుకి ఆస్తమా ఉంది. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది, పొగ మా మీదికి రావడం లేదు. సరే, తొమ్మిది హోల్స్ ఆడి వచ్చేద్దామని నేను, మా ఆయన, అన్నయ్య వెళ్లాం. వదిన, బాబు తలుపులేసుకుని క్యాబిన్‌లో ఉన్నారు.

పొగలో గోల్ఫ్ నాకు కొత్త కాదు. 2019 డిసెంబర్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఓపెన్ పొగమంచులాంటి పొగలోనే జరిగింది. మ్యాట్ జోన్స్ గెలిచాడు. చూడ్డానికి వెళ్లిన నాకు సాయంత్రానికి కళ్లు మిరపకాయ తగిలినట్టు మండాయి. కానీ అక్కడ మంట ఎక్కడో దూరం. ఇక్కడ కళ్ల ముందే.

ఐదో హోల్ దగ్గర ముందు జట్టువాళ్లు మమ్మల్ని ఆగమని పిలిచారు. వాళ్లలో ఒకాయన తీరం వైపు చేయి చాపి గాలి సంగతి చెప్పాడు. మనకు మే నెలలో కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పడమటి గాలి కొడితే ఎలా ఉంటుందో ఇక్కడ వాయవ్యపు గాలి అలాగే ఉంటుంది, నిప్పుల కొలిమి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే మన దగ్గర ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ వేడంతా పోగొట్టే దక్షిణపు గాలి, వాళ్ల మాటలో సదర్లీ, చల్లగానే వస్తుంది. కానీ భయం దానితోనే. వాయవ్యపు గాలికి మంట ఆగ్నేయంగా సన్నగా, పొడుగ్గా పరిగెడుతుంది. గాలి ఒక్కసారి దక్షిణం నుంచి తిరగ్గానే ఆ పొడుగాటి పక్క మొత్తం ముందు భాగమైపోయి ఉత్తరానికి దూకుతుంది. ఉత్తరాన ఉన్నది ఈ ఊరే. "సదర్లీ నాలుగింటికి. మేం రెండింటికల్లా ఇంట్లో ఉంటాం. మీరు ఒంటిగంటకే వెళ్లండి, మీకు దారులు తెలియవు" అన్నాడు.

వాళ్లు మొండితనంతో ఆడటం లేదని నాకప్పుడు అర్థమైంది. పొద్దున్నే ఇంటి చూరు గొట్టాల్లో ఆకులు తీసి, కార్లు వీధి వైపు తిప్పి పెట్టుకుని వచ్చారు. నలుగురి బ్యాగుల్లోనూ ఫోన్లు మోగేలా పెట్టి ఉన్నాయి. ఒకాయన రూరల్ ఫైర్ సర్వీస్ వాలంటీర్. అక్కడ మంటలార్పే వాళ్లలో ఎక్కువమంది ఇలా జీతం లేకుండా పనిచేసేవాళ్లే. మేం ఎనిమిదో హోల్‌లో ఉండగా ఆయన ఫోన్ మోగింది. పట్, అంటే బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ, కొట్టబోతున్నవాడు కర్ర పక్కవాడి చేతికిచ్చి, బంతి గ్రీన్ మీదే వదిలేసి, పార్కింగ్ వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ ఒక్క నిమిషం అటే చూశారు. తర్వాత ఆయన బంతిని తీసి, తుడిచి, బ్యాగులో వేశారు.

మేం తొమ్మిదో హోల్‌తో ఆపేశాం. మా ఆయనకు మనసు ఒప్పలేదు, అయినా ఒక్క మాట అనలేదు. క్లబ్ కౌంటర్‌లో అడక్కుండానే మిగతా తొమ్మిది హోల్స్ మర్నాడు ఆడుకోవచ్చని రసీదు మీద రాసిచ్చారు. ఇలాంటి మర్యాద సిడ్నీలో నాకెప్పుడూ దొరకలేదు.

గాలి నాలుగూ ఇరవైకి తిరిగింది. తిరిగిన సంగతి తలుపు చప్పుడుతోనే తెలిసింది. పావుగంటలో ఎండ నారింజ రంగుకు మారి, పొగ ఊరి మీద దిగింది. యాప్‌లో పసుపు నారింజ అయింది. ఆఫీసు ఆవిడ క్యాబిన్ క్యాబిన్‌కూ వచ్చి తలుపు తట్టి చెప్పింది. మేం సామాను కార్లో పెట్టుకుని, బాబుకి మాస్కు కట్టి, ఇన్‌హేలర్ చేతిలో పెట్టుకుని, రేడియో వింటూ కూర్చున్నాం. ఎనిమిదింటికి వాన పడింది. పెద్ద వాన కాదు, కానీ చాలింది. తొమ్మిదిన్నరకు మళ్లీ పసుపు.

నరూమా ఎదురుగా సముద్రంలో ఉన్న మాంటేగ్ దీవికి బోటు ప్రయాణం రద్దయింది, డబ్బు అదే రోజు వెనక్కి వేశారు. దగ్గర్లోని సెంట్రల్ టిల్బా అనే పాత ఊరు చూడలేకపోయాం. ఊళ్లో భోజనానికి చేపలు, చిప్స్ తప్ప మనకు నచ్చేవి తక్కువ, పచ్చడి సీసా వెంట పెట్టుకోండి.

ఆఖరి రోజు పొద్దున ఆరున్నరకు మిగతా తొమ్మిది ఆడటానికి వెళ్లాం. గ్రీన్‌ల మీద సన్నగా బూడిద పరుచుకుని ఉంది, ముగ్గు చల్లినట్టు. పట్ కొడితే బంతి వెళ్లిన దారంతా పచ్చటి గీతలా తేలింది. పద్నాలుగో హోల్ దగ్గర నిన్నటి ముగ్గురూ ఎదురయ్యారు. నాలుగో ఆయన గురించి అడిగాం. తెల్లారుజామున ఇంటికొచ్చాడట, నిద్రపోతున్నాడట. ఆయన బంతి ఇంకా వాళ్ల బ్యాగులోనే ఉంది.

మార్చి నెలకు అదే క్యాబిన్ మళ్లీ బుక్ చేశాం.