1001 ఐరిష్ బాణీల పుస్తకం: ఫిడేలు నేర్చేవారికి ఎంతవరకు ఉపయోగపడుతుంది?

షికాగో పోలీసు అధిపతిగా 1901 నుంచి 1905 వరకు పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1907లో వెలువరించిన ‘ది డాన్స్ మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్’కు పునర్ముద్రణ ప్రతిని కొని, నాలుగు నెలలుగా ఫిడేలు పక్కనే ఉంచుకొని సాధన చేస్తున్నాను. అందులో 1001 నాట్య బాణీలు ఉన్నాయి.

ఈ సేకరణ వెనుక కథ పుస్తకమంత ఆసక్తికరమైనది. ఐర్లండ్‌లో మహాక్షామం రోజుల్లో, 1848లో, అక్కడి కార్క్ కౌంటీలోని బాంట్రీ సమీపాన పుట్టిన ఓనీల్ వేణువు వాయించేవారే గాని, స్వరాలు రాయడం ఆయనకు రాదు. షికాగోకు వలస వచ్చిన ఐరిష్ వాద్యకారుల దగ్గర విన్నవీ, చిన్ననాటి నుంచి తనకు గుర్తున్నవీ వినిపిస్తుంటే, అదే పోలీసు దళంలోని ఫిడేలు విద్వాంసుడు జేమ్స్ ఓనీల్ వాటిని కాగితం మీద పెట్టేవారు. అలా 1903లో 1850 బాణీల సంపుటం వచ్చింది. అందులో 625 విలంబ గీతాలు, ఐరిష్ హార్ప్ విద్వాంసుడు కారొలన్ రచనలు 75 పోగా మిగిలినవి ఎక్కువగా నాట్యానికి చెందినవే. నాట్య బాణీలకే పరిమితమైన 1907 సంపుటం ఫిడేలు వాయించేవారికి మరింత అనువుగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. ఏ బాణీ ఎవరి నోట, ఏ ఊరి నుంచి దొరికిందో ఇందులో చెప్పలేదు. రీల్ అనే చురుకైన నాట్య బాణీ 18వ శతాబ్ది చివర స్కాట్లండ్ నుంచి, హార్న్‌పైప్ అనే మరో నాట్య బాణీ ఇంగ్లండ్ నుంచి వచ్చి ఐరిష్ సొత్తుగా మారిన రూపాలు. ఆ ప్రయాణం తెలుసుకోదలచినవారికి, మూలాల వివరాలతో ఐరిష్ బాణీల సేకర్త బ్రెండన్ బ్రాహ్నాక్ 1963లో మొదలుపెట్టిన సంపుటాలే శరణ్యం.

ఇంకో ఇబ్బంది గమకాలది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకానికొక గుర్తు ఉంటుంది. అది చూసి పెరిగిన కంటికి ఈ పుటలు అస్థిపంజరంలా కనిపిస్తాయి. ఏ స్వరాలను ఒకే కమానులో కలపాలో, ‘రోల్’ అనే స్వరాలంకారాన్ని ఎక్కడ తిప్పాలో చాలాచోట్ల మన ఊహకే వదిలేశారు. (నేను మొదటి నెల ప్రతి రీల్‌నూ వర్ణం సాధన చేసినంత బిగువుగా వాయించాను.) ఐర్లండ్‌లోని స్లైగోకు చెందిన ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్మన్ 1920లలో న్యూయార్క్‌లో ఇచ్చిన రికార్డులు విన్న తరువాతే, ఎనిమిదేసి బార్ల (తాళ ఖండాల) రెండు భాగాలను మళ్లీ మళ్లీ తిప్పే ఈ బాణీల్లో ప్రతి ఆవృత్తికీ కొంత మార్పు ఉండాలని బోధపడింది. కాబట్టి రికార్డులు వినే ఓపిక ఉన్నవారే ఈ పుస్తకం కొనడం మంచిది.

నా ప్రతికి ముద్రణ స్పష్టంగానే ఉంది గాని, బైండింగ్ మరీ బిగువు. స్టాండు మీద పెడితే రెండో భాగం మధ్యలోనే పుట మూసుకుపోతోంది. చివరికి విప్పించి స్పైరల్ వేయించుకున్నాను.