పాత పాలియో 1.6: ఒరిజినల్‌గా ఉంచాలా, మోడిఫై చేయాలా?

2001లో మన దేశంలో అమ్మకానికొచ్చిన ఫియట్ పాలియో 1.6 (1.6 లీటర్ ఇంజన్) కారు చేతిలో ఉన్నవాళ్లకి ఈ తర్జనభర్జన తప్పదు.

ఖర్చు: ఒరిజినల్‌గా ఉంచాలంటే విజయవాడ ఆటోనగర్‌లో పాత పార్టులు ఓపిగ్గా గాలించాలి. మోడిఫై చేస్తే ఒక పనితో ఆగదు. గట్టి స్ప్రింగులు వేశాక షాక్ అబ్జార్బర్లూ మార్చాల్సిందే.

రోడ్డు: కోనసీమ కాలవగట్ల మీద, ఊరూరా స్పీడ్ బ్రేకర్ల మీద బండి ఎత్తు తగ్గించి తిప్పితే ఆయిల్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) తగులుతుందని ఒకటే టెన్షన్. ఒరిజినల్ ఎత్తే మేలు.

రిస్క్: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల్ని కట్టడి చేస్తుంది. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఇంజన్ మార్పు, పెద్ద సైలెన్సర్ శబ్దం ఇబ్బంది పెడతాయి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్‌కీ గండమే.

తుప్పు: ఒరిజినల్‌గా ఉంచినా, మోడిఫై చేసినా ఇది ఒకటే, అసలు శత్రువూ ఇదే. డోరు కింద అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీరు నిలిచి, పెయింటు ఉబ్బేసరికే లోపల రేకు తినేసి ఉంటుంది. మెత్తటి పుల్లతో తీస్తుండండి. అంతర్వేది బీచ్‌కి వెళ్లొస్తే అడుగుభాగం మంచినీళ్లతో కడగండి.

రోజూ అమలాపురం, రావులపాలెం తిరిగే బండైతే ఒరిజినల్‌గానే ఉంచి, మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించండి. ఇంట్లో వేరే కారుండి, నమ్మకమైన మెకానిక్ దగ్గర్లో ఉంటే సస్పెన్షన్ వరకు మార్చుకోవచ్చు. ఇంజన్ జోలికి మాత్రం వెళ్లొద్దంటాను.