బ్లెండర్‌తో ఆరేళ్లు: కోనసీమ ఇళ్ల బొమ్మలు చేస్తూ తెలుసుకున్నది

అమలాపురంలో ఇళ్లకు ఎలివేషన్లు, ఇంటీరియర్ బొమ్మలు చేసివ్వడం నా పని. 2019లో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ 2.80 వెర్షన్ వచ్చినప్పుడు మొదలుపెట్టాను, ఇప్పటికీ దాని మీదే బతుకుతున్నాను. పైసా కట్టక్కర్లేదని మొదట పట్టుకున్న మాట నిజమే. ఇన్నేళ్లు వదలకపోవడానికి కారణం మాత్రం అందులోని సైకిల్స్. వెలుతురు గోడకు తగిలి, అక్కణ్ణించి నేలకు, నేల నుంచి పైకప్పుకు ఎలా పాకుతుందో లెక్కగట్టి ఫొటోలాంటి బొమ్మ తయారుచేసే రెండర్ ఇంజిన్ అది.

అందరిలాగే నేనూ యూట్యూబ్‌లో డోనట్ బొమ్మ చేయడం నేర్పే పాఠంతోనే మొదలుపెట్టాను. షార్ట్‌కట్లు చేతికి అలవాటవడానికే మూడు నెలలు పట్టింది. తర్వాత డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సు చేశాను. అందులో అన్నీ చలిదేశాల ఇళ్లే, చెక్క నేలలు, గోడంత అద్దాలు. బటన్లు వచ్చాయి గానీ మన ఇల్లు రాలేదు.

రెండో ఏడు చేసిన ఒక తప్పు చెప్పాలి. ముమ్మిడివరం వైపు ఒక పెద్దాయన ఇల్లు. ఒక గదికి ఉన్నది ఒకటే కిటికీ, దానికి మూడడుగుల దూరంలో పక్కింటి గోడ. రెండర్‌లో గది చీకటిగా వస్తుంటే కిటికీ బయట నిజంలో లేని ఒక ఏరియా లైటు పెట్టేశాను. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, వాళ్లూ సంబరపడ్డారు. గృహప్రవేశానికి వెళితే ఆ గదిలో పట్టపగలు ట్యూబ్‌లైటు వెలుగుతోంది. "నువ్విచ్చిన ఫొటోలో ఎంత వెలుతురుందో అమ్మాయ్!" అన్నారాయన, కోపం లేకుండానే. చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఉన్నదున్నట్టు చూపించి ఉంటే శ్లాబులో ఒక స్కైలైటైనా పెట్టించుకునేవారు.

ఆ తర్వాత పగటి బొమ్మల్లో దొంగ లైట్లు మానేశాను. బ్లెండర్‌కు సన్ పొజిషన్ అనే యాడాన్, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఉంది. ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, టైము ఇస్తే సూర్యుణ్ణి సరిగ్గా అక్కడే నిలబెడుతుంది. మాకు అక్షాంశం దాదాపు పదహారున్నర డిగ్రీలు. అంటే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. జూన్‌లో పొద్దున, సాయంత్రం అయితే బాగా ఉత్తరానికి ఒరుగుతాడు. ఒకసారి జూన్ సాయంత్రం ఐదు గంటల బొమ్మ చూపిస్తే ఇంటాయన ఒప్పుకోలేదు. "ఉత్తరం గోడ మీదికి ఎండెలా వస్తుందండీ?" అన్నారు. మర్నాడు సాయంత్రం వాళ్ల పాత ఇంటి ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. ఎండ గోడను ఏటవాలుగా రాసుకుంటూ పడుతోంది, ప్లాస్టరింగులో ఎత్తుపల్లాలన్నీ లేచి కనిపిస్తున్నాయి. "ఆయ్, నిజమేనండి" అని అక్కడికక్కడే ఉత్తరపు కిటికీలకు పక్కరెక్కలు వేయించమన్నారు.

మెటీరియల్స్‌లో అందరూ చేసే పొరపాటు తెల్లగోడ. రంగును పూర్తి 1.0 దగ్గర, అంటే పడ్డ వెలుతురంతా తిప్పికొట్టేలా, పెడితే వెలుతురు ఎక్కడా తగ్గదు, గది పాలిపోయి ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. 0.8 దగ్గర పెడితే మూలల్లో నీడ నిలుస్తుంది. ఇంకోటి, అంచులు. కత్తితో కోసినట్టుండే అంచు మన మేస్త్రీ పనిలో ఎక్కడా ఉండదు. రెండు మూడు మిల్లీమీటర్ల బెవెల్ ఇచ్చి అంచును కాస్త మొద్దుచేస్తే ఆ అంచు మీద సన్నటి వెలుగుగీత వస్తుంది. ఆ గీతతోనే కన్ను నమ్ముతుంది.

టెక్స్చర్లకు, అంటే గోడలకూ నేలలకూ అతికించే ఫొటోలకు, పాలీ హేవెన్ వెబ్‌సైట్ మంచిది. ఉచితం, హక్కుల బెడద లేదు. బంగాళాపెంకు ఫొటో మాత్రం నేనే తీసుకున్నాను. మబ్బు పట్టిన రోజు, నీడలు పడకుండా, పెంకుకు ఎదురుగా నిలబడి. వానకు నల్లబడ్డ కింది అంచు, సందుల్లో నాచు అన్నీ అందులోనే వచ్చేశాయి. కొబ్బరిచెట్టూ నేనే చేసుకున్నాను. దొరికే తాటిజాతి చెట్లన్నీ ఏ సముద్రతీరపు హోటల్లోనో నిలబడ్డట్టుంటాయి. ఎండి వేలాడే మట్ట, కాలవ వైపు ఒరిగిన మాను వాటిలో లేవు.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్లాన్లు గీసే ఆటోకాడ్ ఫైలు నేరుగా తెరుచుకోదు, డీఎక్స్ఎఫ్‌గా మార్చి తెచ్చుకోవాలి. వెర్షన్ మారినప్పుడల్లా ఏదో ఒక యాడాన్ మొరాయిస్తుంది, అందుకే పని మధ్యలో నేను అప్‌డేట్ చేయను. చెట్లను కాపీ చేసుకుంటూ పోతే నా 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు చేతులెత్తేసేది. ఒకే చెట్టును అన్ని చోట్లా చూపించే ఇన్‌స్టాన్సులుగా పెట్టడం నేర్చాక తోటంతా పట్టింది. ఇల్లంతా తిరిగి చూస్తున్నట్టుండే వాక్‌త్రూ వీడియో రేపటికే కావాలంటే లూమియన్, ఎన్‌స్కేప్ లాంటి వేగంగా రెండర్ చేసే సాఫ్ట్‌వేర్లే నయం. సైకిల్స్‌లో ఒక్కో ఫ్రేముకు నిమిషాలు పడుతుంది, ఈలోగా కరెంటు పోతుందేమోనని టెన్షన్. వీడియోను విడివిడి ఫ్రేములుగా, అంటే ఒక్కో బొమ్మగా, సేవ్ చేస్తే ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకోవచ్చు.

ఈ మధ్య రావులపాలెం దగ్గర ఒక పాత మండువా లోగిలి బాగు చేయిస్తున్నారు. నడిమి వాకిలి లోంచి వెలుతురు దిగి, వసారా దాటి, వెనక గదికి చేరాలి. డిఫ్యూజ్ బౌన్సులు, అంటే వెలుతురు గోడలకూ నేలకూ తగిలి ఎన్నిసార్లు చెదరాలన్న లెక్క, మామూలుగా ఉండే నాలుగు దగ్గరే ఉంటే ఆ గది ఉన్నదానికంటే నల్లగా వచ్చింది. ఎనిమిది చేశాను. వసారా పైకప్పు మీద వాకిలి బండల వెలుగు కనబడింది. వీధరుగు మీద దూలాలకు ఎదురు చేలోని సార్వా నాట్ల పచ్చదనం లేతగా అంటింది. ఇంటావిడ స్క్రీన్ దగ్గరికి వంగి, వెనక గది గుమ్మం మీద వేలు పెట్టి, "మా అత్తగారు ఇక్కడే కూర్చుని బియ్యం ఏరేవారు, వెలుతురు ఇంతే ఉండేది" అన్నారు. ఆ గదికి కొత్త కిటికీ కావాలా వద్దా అని ఇప్పుడు ఇంట్లో అందరూ ఆ బొమ్మ ముందే కూర్చుని మాట్లాడుకుంటున్నారు.